అప్ప చూపించిన వీధి

విజయనగరం శివార్లలో ఆ ఆదివారం మేం చూసిన అయిదో ఇల్లు అది. మూడో అంతస్తు. తూర్పు గుమ్మం, రెండు వైపులా గాలి, లిఫ్టు, కింద కాపలా మనిషి. బ్రోకరు కిటికీలు ఒక్కొక్కటే తీసి చూపిస్తూ కాలేజీ ఎంత దూరమో, రైల్వే స్టేషను ఎంత దూరమో చెప్తున్నాడు. మా అమ్మాయి బాల్కనీలో నిలబడి, అక్కడినుంచి కొండలు కనిపిస్తున్నాయని సంబరపడుతోంది. నాకు మాత్రం నోటికి ఒకటే ప్రశ్న వచ్చింది.

"ఇక్కడికి చేపలమ్మే ఆవిడ ఎవరైనా వస్తుందాండీ?"

అతను నన్ను వింతగా చూశాడు. "ఎందుకు మేడమ్? ఫోన్లో ఆర్డరు పెడితే శుభ్రం చేసి మరీ తెచ్చిస్తారు. అమ్ముకునీవోల్లని గేటు దాటనివ్వరండి ఇక్కడ. ఆ విషయంలో మీకు బెంగే అక్కర్లేదు."

బాల్కనీలోంచి మా అమ్మాయి వెనక్కి తిరిగింది. "అమ్మా, అప్పకి ఫోన్ చేసి ఎన్నాళ్ళయింది?" అంది.

కిందికి దిగాక, రోడ్డు పక్క టీకొట్టు ముందు నిలబడి ఫోన్ చేశాను. అప్ప వాళ్ళ ఇంట్లో అందరికీ కలిపి ఉన్నది ఒకటే ఫోను. అప్ప కోడలు ఎత్తింది.

"అత్త పోనాదమ్మా," అంది. "ఇరవై రోజులైపోనాది. నీకు సెప్పాలనుకున్నాను. మద్దిలో ఫోను పాడైపోయి నంబర్లన్నీ పోనాయి. ఎలగ సెప్పేది?"

టీ చల్లారిపోయింది. మా అమ్మాయి నా మొహం చూసి అడగకుండానే తెలుసుకుంది. బ్రోకరు మోటారు సైకిలు స్టార్టు చేసుకుని, ఇంకో రెండు ఇళ్ళున్నాయి మేడమ్ అంటున్నాడు. ఇవాళ్టికి వద్దన్నాను.

అప్ప అంటే మా వైపు అక్క. ఆవిడ నాకు అక్కా కాదు, చుట్టమూ కాదు. వయసు చూస్తే పిన్నీ అనో పెద్దమ్మా అనో పిలవాలి. మొదట్లో ఒకసారి అమ్మా అన్నాను. "అమ్మా అనకు. ముసిల్దాన్నయిపోయినట్టు ఉంటాది. అప్పా అను," అంది. అంతే, పదేళ్ళపాటు ఆవిడ మాకు అప్పే. అసలు పేరు నేను అడగలేదు. నా పేరు ఆవిడా అడగలేదు. ఆవిడకి నేను మేస్టరమ్మని, మా అమ్మాయి మేస్టరమ్మ గుంట, అంటే పిల్ల.

ఆవిడని మొదటిసారి చూసిన రోజు నాకు బాగా గుర్తు. సాలూరు దగ్గర స్కూల్లో బయాలజీ చెప్పే నాకు శ్రీకాకుళం పక్కకి బదిలీ అయింది. అంతకు ముందు ఏడాదే నాకూ మా ఆయనకీ కోర్టులో తెగిపోయింది. చేతిలో మూడో క్లాసు చదివే పిల్ల. బదిలీ కోరి తెచ్చుకున్నాను. మా నాన్న జీవితమంతా లారీ మెకానిక్కుగా చేశాడు. సాలూరులో ఏ లారీ షెడ్డు ముందునుంచి నడిచినా ఆయన్ని ఎరిగినవాడు ఒకడుంటాడు, నా సంగతి అడుగుతాడు. ఎవరూ ఎరగని ఊళ్ళో ఉంటే చాలనుకున్నాను. ఎవరూ ఎరగని ఊళ్ళో అద్దెకు ఇల్లు దొరకడం ఎంత కష్టమో అప్పటికి తెలియదు.

అరసవల్లిలో ఒక లాడ్జిలో దిగాం. పొద్దున్న స్కూలు, సాయంత్రం ఇళ్ళ వేట. ఇల్లు నచ్చేది, అద్దె కుదిరేది, చివర్లో ఇంటివాళ్ళు నవ్వుతూ, "మీ ఆయనేం చేస్తారండీ?" అనేవాళ్ళు. ఆ తర్వాత ఇల్లు మా తమ్ముడికి ఇస్తామనుకున్నామనో, రంగులు వెయ్యాలనో చెప్పేవాళ్ళు. ఒకాయన మాత్రం నిజాయితీగా, "కుటుంబాలకే ఇస్తామండి," అన్నాడు. నేనూ నా కూతురూ కుటుంబం కాదని ఆ సాయంత్రం తెలిసింది.

అప్పుడు ఊరి బయట ఒక కొత్త కాలనీ సంగతి ఎవరో చెప్పారు. పెద్ద ఆర్చి, వెడల్పాటి రోడ్లు, రోడ్ల పక్క మోకాలెత్తు కొబ్బరి మొక్కలు. ఇంటి యజమాని విశాఖపట్నంలో ఉంటాడు, ఫోన్లోనే మాట్లాడుకోవచ్చు, ఏదీ అడగడు. అడిగేవాడు లేని ఇల్లు అంటే నాకు ఆ రోజుల్లో స్వర్గంలా వినిపించింది. పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆ రోజు స్కూలుకి సెలవు. మిట్టమధ్యాహ్నం. ఆ కాలనీ మొత్తానికి ఉన్న నీడ ఆర్చి కింద ముక్కే. ఆ నీడలో ఆవిడ కూర్చుని ఉంది.

పొడుగ్గా, సన్నగా, నల్లగా ఉండేది. ఆకుపచ్చ చీర పిక్కలదాకా ఎగ్గట్టి, రెండు ముక్కుపుటాలకీ రెండు ముక్కెరలు. పక్కన సత్తుబేసిను, దాని మీద నీలం పరదా గుడ్డ, పైన, నెత్తిన బేసిను కింద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు. నోట్లో చుట్ట. నిప్పున్న వైపు నోట్లోపల పెట్టుకుని కాలుస్తోంది. అడ్డపొగ నాకు కొత్త కాదు, మా అమ్మమ్మ కాల్చేది. మా పిల్ల మాత్రం నోరు తెరుచుకుని చూసింది.

"నోరు కాలదా?" అని అడిగేసింది.

ఆవిడ చుట్ట బయటికి తీసి, బూడిద దులిపి, "ముప్పయ్యేల్ల నుంచీ కాలతన్నాది. ఇంక కాలడానికి లోపలేటీ నేదు," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఎవులింటికి తల్లీ?"

"ఇల్లు అద్దెకి చూసుకోవడానికి వచ్చాం."

"ఇకడా?" అంది. నన్ను, పిల్లని, పిల్ల భుజానికి వేలాడుతున్న నీళ్ళ సీసాని చూసింది. "మీ ఇద్దరేనేటి?"

ఇంకో అబద్ధం వెతుక్కునే ఓపిక లేక అవునన్నాను.

"ఈ కాలనీలో నాను ఇరవై గుమ్మాల కాడ కేకేస్తాను. తలుపు తీసీది మూడు. ఒకామె కిటికీలోంచి సెయ్యి ఊపుతాది, ఈగని తోలినట్టు. వోలు సెడ్డోలని కాదు. ఎవుల లోకం వోలిది. మరి రేపు నీకు ఒల్లు బాగోనేదనుకో, ఈ గుంట ఎవుల తలుపు కొడతాది?"

వారం రోజులుగా నేను బోరు నీళ్ళ రుచి చూశాను, కరెంటు మీటర్లు చూశాను, బస్సు స్టాపులకి అడుగులు లెక్కపెట్టాను. ఈ మాట నాకు తట్టలేదు. నాతో చదువుకున్నవాళ్ళు, ఉద్యోగం చేసేవాళ్ళు ఎవరూ చెప్పలేదు.

"రేపు ఎన్ని గంటలకి ఖాళీ?" అంది ఆవిడ. "నాను సూపిస్తాను."

గార దాటాక సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. పొద్దున్నే ఒడ్డుకొచ్చిన పడవల దగ్గర చేపలెత్తుకుని, ఆటోలో అరసవల్లి దిగి, అక్కడినుంచి నడక. ఊరి చుట్టూ ఉన్న పేటలూ కాలనీలూ అన్నీ ఆవిడ పాదాల కింద ఉన్నవే. వీధులకి ఊరివాళ్ళు పెట్టుకున్న పేర్లు ఆవిడకి పట్టేవి కాదు. తన పేర్లు తనకి ఉండేవి: కుక్కల వీధి, బేరాల వీధి, మంచినీళ్ళ వీధి. దూరాన్ని కిలోమీటర్లలో చెప్పేది కాదు. "ఐసు కరగకుండా ఎల్లిపోవచ్చు," అంటే దగ్గర. "ఐసంతా నీల్లైపోతాది," అంటే దూరం.

నాలుగు రోజులు ఆవిడ వెనక తిరిగాం. నేను ఇళ్ళు చూసేదాన్ని, ఆవిడ ఇళ్ళ మధ్య ఏముందో చూసేది. ఏటి ఒడ్డున ఒక వీధిలో నాకు ఇల్లు బాగా నచ్చింది. "మనుసులు మంచోలే. కానీ ఏరు పొంగితే నువ్వొక్కద్దానివి పిల్లనెత్తుకుంటావా, సామాన్లెత్తుకుంటావా?" అని ముందుకు నడిచింది. హైవే పక్కన ఇంకో చోట చవగ్గా ఉంది. "అందరూ అద్దెకున్నోలే. ఏడాదికోసారి మొకాలు మారిపోతాయి. నాకే ఎవులికి ఏ సేప ఇట్టమో గుర్తుండదు," అంది. ఆవిడ దృష్టిలో అంతకు మించిన లోపం లేదు.

చివరికి గార రోడ్డు వైపు ఒక సందులో ఆగింది. ముప్పయి ఇళ్ళుంటాయేమో. సగం పెంకుటిళ్ళు, సగం డాబాలు. సందు మొదట్లో ఒకావిడ మిషను కుడుతోంది. అరుగుల మీద ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వీధిలోకి కాళ్ళు వేలాడేసుకుని చింతపండు పిక్కలు తీస్తున్నారు. అప్ప కేక వెయ్యకముందే ఒక ఇంట్లోంచి చెంబుతో నీళ్ళొచ్చాయి. ఆవిడ తాగి, మిగిలినవి మొహాన కొట్టుకుని, "ఇదీ," అంది.

ఖాళీ వాటా ఉన్న ఇంటావిడ పెద్దావిడ. ఒక్కతే ఉంటుంది. వాకిట్లో కుర్చీ వేసుకుని నన్ను కిందినుంచి పైదాకా చూసింది. అద్దె, అడ్వాన్సు, నీళ్ళ మోటారు వేళలు అన్నీ అయ్యాయి. నేను ఎదురుచూస్తున్న ప్రశ్న రానే వచ్చింది.

"మీ ఆయన..."

నేను నోరు తెరిచేలోపు అప్ప అందుకుంది. "మొగుడు నేడు. ఉజ్జోగం ఉన్నాది. గుంట ఉన్నాది. నీకింకేటి గావాల? నీ మొగుడు పోయి పదేల్లయింది. ఈ వీదిలో నిన్నెవులైనా ఎల్లిపొమ్మన్నారేటి?"

ఇంటావిడ పెద్దగా నవ్వేసింది. "దీని నోట్లో నిప్పే ఉంటుందమ్మా, చుట్ట తీసినా సరే," అని లోపలికెళ్ళి తాళంచెవి తెచ్చింది.

ఆ సందులో తొమ్మిదేళ్ళున్నాం.

అప్ప వారానికి నాలుగు రోజులు వచ్చేది. ఆదివారం మాత్రం రాదు. ఆదివారం సూర్యదేవుడి రోజని ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో నీచు వండరు. మిగతా రోజుల్లో ఆవిడ కేక సందు మొదట్లో వినిపించగానే పిల్లులు గోడలమీద బారులు తీరేవి. వాటితో కూడా మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడేది. "నీకు నిన్ననే ఇచ్చాను కదేటి? సిగ్గు నేదూ?" అని ఒక నల్లపిల్లిని కేకలేసి, తల ముక్క దాని ముందే పడేసేది.

మా మెట్టు మీద కూర్చుని చేపలు శుభ్రం చేసి ఇచ్చేది. నేను ఏడాదికి మూడు సెక్షన్లకి చేప శ్వాసక్రియ చెప్పేదాన్ని. బొమ్మ గీసి మొప్పలు ఎలా పనిచేస్తాయో వివరించేదాన్ని. తాజా చేపనీ నిన్నటి చేపనీ పక్కపక్కన పెడితే తేడా తెలిసేది కాదు. ఒకరోజు ఆ సంగతి ఒప్పుకున్నాను. అప్ప పనాపి, మొప్ప ఎత్తి నా వేలు పట్టుకుని లోపల పెట్టింది. "ఎర్రగా ఉండాల. జిగురు ఉండకూడదు. కన్ను నీకేసి సూడాల. ఇంతోటి దానికి బోర్డు మీద బొమ్మలెందుకు?" అంది. మర్నాడు స్కూలుకి ఒక వంజరం చేప పట్టుకెళ్ళి పిల్లలకి అదే పాఠం చెప్పాను. ఆ మాట చెప్తే అప్ప సిగ్గుపడింది. ఆవిడ సిగ్గుపడ్డం నేను చూసింది అప్పుడొక్కసారే.

ఎక్కువ కావాలంటే ఇచ్చేది కాదు. "ఇద్దరికీ ఇది సాలు. ఫ్రిజ్జిలో పెట్టి సంపుతావు దాన్ని," అనేది. మంచి చందువా చేప వచ్చిన రోజు నేను స్కూలునుంచి రావడం ఆలస్యమైతే ఐసు కింద దాచి ఉంచేది. మా అమ్మాయి ఇంటికి ఒక్కతే వచ్చే రోజుల్లో, చేపలన్నీ అమ్ముడైపోయినా, నేను కనిపించేదాకా మెట్టు మీదే ఉండేది. ఎందుకున్నావని అడిగితే, "మోకాలు నొప్పి," అనేది. ఆ పిల్లకి లెక్కలు, సైన్సు నేను చెప్పాను. గాలి ఎటునుంచి వస్తే వాన పడుతుందో, మనిషి గొంతు విని కొంటారో కొనరో ఎలా తెలుసుకోవాలో అప్ప చెప్పింది. పిల్లకి రెండోదే బాగా ఒంటబట్టింది.

ఆవిడ కొడుకు గుజరాత్ పడవల మీద పనికి వెళ్ళేవాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడే. ఇంట్లో ఆవిడా, కోడలూ. కొడుకు గురించి ఎక్కువ మాట్లాడేది కాదు. అక్కడ తుపాను అని వార్తల్లో వస్తే మాత్రం పొద్దున్నే వచ్చి నా ఫోన్లో చూడమనేది. చూసి ఏమీ లేదని చెప్తే, "అయితే సేపలు తీసుకో," అనేది.

అలా ఆరేడేళ్ళు గడిచాక ఆవిడ మోకాళ్ళు నిజంగానే అరిగిపోయాయి. ఆటో ఎక్కడానికి దిగడానికి ఎవరైనా చెయ్యి పట్టుకోవాల్సి వచ్చేది. ఆ రోజుల్లోనే ఆవిడ కన్ను మా ఇంటి వెనక గది మీద పడింది. మా వాటాకి గోడ ఆనుకుని సందువైపు తలుపున్న చిన్న గది. పాత మంచాలూ, విరిగిన కుర్చీలూ పడేసి ఉండేవి. అప్ప వచ్చినప్పుడల్లా ఆ తలుపు సందులోంచి లోపలికి తొంగిచూసేది. ఒకసారి చేత్తో కొలిచింది. ఇంకోసారి, "ఈ గోడకి మంచం ఏసుకుంటే కిటికీ గాలి తగుల్తాది," అని తనలో తను అనుకుంది.

మా అమ్మాయి పదో తరగతి పరీక్షలకి ఒక నెల ముందు, బేసిను దింపి, చేప చేతిలోకి తీసుకోకుండా నాతో అంది. "ఊరినుంచి రావడం నా వల్ల కాటం నేదు తల్లీ. కోడలు పొద్దున్న సేపలు ఆటోలో ఏసీస్తే ఇకడ అందుకుంటాను. నాలుగు వీదులు తిరుక్కుని ఇకడే తొంగుంటాను. ఆ గదికి అద్దె ఇస్తాను, ఊరికే ఒద్దు. నువ్వు ఇంటామెని అడగవా? నా మాటయితే నవ్వి ఒగ్గీస్తాది. నీ మాటకి ఇలువుంటాది."

సంతోషంగా ఒప్పుకున్నాను. ఆ సాయంత్రమే ఇంటావిడ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ చెడ్డమనిషి కాదు. నేను చెప్పిందంతా విన్నది. తర్వాత నెమ్మదిగా, "గుమ్మంలోకొచ్చి అమ్ముకోవడం వేరు టీచరు గారూ, ఇంట్లో ఉండడం వేరు. ఆ వాసన మీరు ఆపగలరా? వీధిలో రేపు నన్ను అంటారు. ఇవాళ దీనికిస్తే రేపు ఇంకొకరొస్తారు," అంది. ఆవిడ నా మొహంలోకి చూసి అడిగింది. "మధ్యలో ఉన్నది మీ గోడే కదా. మీకు ఇబ్బంది లేదంటే చెప్పండి, ఆలోచిస్తాను. మీరేమంటారు?"

అప్పుడు చెప్పాల్సిన మాట నాకు తెలుసు. నాకు ఇబ్బంది లేదండీ, ఆవిడ నా మనిషి. అంతే. ఆ మాట నాలిక మీదకి వచ్చింది. అదే క్షణంలో, వారం క్రితమే ఇంటావిడ మా వాటా తన మేనకోడలికి కావాలేమోనని అనడం గుర్తొచ్చింది. నెలలో పిల్ల పరీక్షలు గుర్తొచ్చాయి. లాడ్జి గది, "మీ ఆయనేం చేస్తారండీ?" అనే ఆ నవ్వులు గుర్తొచ్చాయి. మళ్ళీ ఆ గుమ్మాలన్నీ ఎక్కి దిగడం నా వల్ల కాదనిపించింది.

"మీ ఇష్టమండీ. ఇల్లు మీది," అన్నాను.

మర్నాడు అప్పతో, ఆ గది ఇంటావిడకి సామాన్లకి కావాలట అని చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి, "సరే తల్లీ," అంది. కత్తిపీట ముందుకు లాక్కుని పొలుసు తీయడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత కూడా అప్ప వచ్చేది. మునుపటిలాగే మాట్లాడేది, మునుపటిలాగే ఎక్కువ కావాలంటే ఇచ్చేది కాదు. గది వైపు మాత్రం మళ్ళీ చూడలేదు. ఒక్కమాట అని ఉంటే, ఒకసారి విసురుగా బేసిను ఎత్తుకుని వెళ్ళిపోయి ఉంటే, నేను కాళ్ళమీద పడేదాన్నేమో. ఆ అవకాశం ఆవిడ నాకివ్వలేదు. ఏడాది గడిచేసరికి రావడం వారానికి రెండు రోజులకి తగ్గింది, తర్వాత ఒకటికి. చివరికి పూర్తిగా మానేసింది. నేను ఫోన్ చేసేదాన్ని. మొదట్లో వారం వారం, తర్వాత పండగలకి. వస్తాను, చూసి వెళ్తాను అనేదాన్ని. మనిషి మంచం మీద ఉందని తెలుసు. బస్సు ఎక్కితే గంట ప్రయాణం. ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఇప్పుడు ఆలోచిస్తే, అడ్డొచ్చినవి ఏమిటో ఒక్కటీ గుర్తు రావడం లేదు.

పోయిన ఏడాది హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషనొచ్చి విజయనగరం పక్కన వేశారు. అమ్మాయికి కూడా అక్కడే కాలేజీ. ఆ సందు ఖాళీ చేసేటప్పుడు ఇంటావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వెనక గదిలో పాత మంచాలు అలాగే ఉన్నాయి.

విజయనగరంలో ఇన్నాళ్ళూ స్కూలు పక్కనే ఒక గదిలో సర్దుకున్నాం. అప్ప కబురు తెలిసిన ఆ వారంలోనే ఇల్లు ఖాయం చేసుకున్నాను. బ్రోకరు చూపించినవి కాదు. స్కూలు అయ్యాక నేనొక్కదాన్నే నడిచి వెతుక్కున్నాను. బొబ్బిలి వెళ్ళే రోడ్డు వైపు, కాస్త లోపలికి. ఇల్లు పాతది, వంటగది చీకటి. అప్ప చూస్తే తప్పులు పట్టేది. ఇంటివాళ్ళు అడిగిన ప్రశ్నలకి ఈసారి నేనే జవాబులు చెప్పుకున్నాను.

తర్వాతి ఆదివారం గార మీదుగా వాళ్ళ ఊరు వెళ్ళాను. బస్సు దిగి, ఇసకలో కొంత దూరం నడక. సరుగుడు తోట దాటితే ఒకే గది, ఒక వరండా ఉన్న ఇల్లు. ఎదురుగా సముద్రం. కోడలు వలకి పడిన చిరుగులు కుడుతోంది. నన్ను చూసి లేచి పీట వేసింది. కొడుకు దినాలకి వచ్చి, మళ్ళీ పడవ మీదికి వెళ్ళిపోయాడట.

ఎక్కువ బాధపడకుండా పోయిందని చెప్పింది. చివరి రోజుల్లో వరండాలో పడుకుని, శ్రీకాకుళం వీధుల్లో ఇంటింటి సంగతీ చెప్పేదట. ఎవరి కూతురికి పెళ్ళి కావాలి, ఎవరింట్లో ముళ్ళున్న చేప తినరు, అన్నీ. నేను వింటూ కూర్చున్నాను. చెప్పకుండా తిరిగి వెళ్ళిపోవచ్చు. కానీ ఈసారి నోరు మూసుకోలేకపోయాను. గది సంగతి మొత్తం చెప్పేశాను. సామాన్లకి కాదనీ, ఇంటావిడ నన్ను అడిగిందనీ, నేను అనాల్సిన మాట అనలేదనీ.

కోడలు సూది ఆపలేదు. "తెలుసమ్మా," అంది. "అత్త ఆ దినమే సెప్పింది. ఆ మేస్టరమ్మ నా మొకం సూడకుండా సేప తోకకేసి సూసి మాటాడింది, పాపం అబద్దమాడ్డం రాదు, అన్నాది."

"కోపం రాలేదా?"

"రాకేటి! వారం దినాలు ఆ వీది దిక్కు ఎల్లనేదు. ఆ గది నాను సూసుకున్న వీదిలోనే కదే, నాకే సోటు నేదన్నారే అని ఏడ్సింది. సోమారం పొద్దుటేల ఏటనుకున్నాదో మరి. ఆ గుంటకి పరీచ్చలు వచ్చీస్తన్నాయి, ఒల్లు గట్టిగా ఉండాల అని, కుంటుకుంటూ పడవల కాడికి ఎల్లి తాజా నెత్తల్లు ఏరించుకుంది. అప్పుడే ఎత్తుకొచ్చింది మీకాడికి."

ఆ సోమవారం నాకు జ్ఞాపకం ఉంది. వారం రోజులు ఎందుకు రాలేదని అడిగితే, "జొరం," అంది. నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది. తగ్గిపోయింది కాబోలనుకున్నాను. అయినా ఇంట్లో ఉన్న జ్వరం బిళ్ళలు తెచ్చి ఇచ్చాను. చీర చెంగున ముడేసుకుంది. జ్వరమొస్తే ఒక ఫోనైనా చెయ్యకూడదా అప్పా అని కోప్పడ్డాను.

"సేస్తే ఏటి, సూడ్డానికి వస్తావేటి?" అంది నవ్వుతూ.

"రానా మరి?" అన్నాను నేను కూడా నవ్వుతూ.

అప్ప ఊరు వెళ్ళడం నాకు ఇదే మొదటిసారి.